అనంతపురం నుంచి వైజాగ్‌కు వీల్‌చైర్‌తో: ముందు బాత్‌రూం తలుపు కొలవమనండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: నాయనకు వెన్నెముక దెబ్బ, నడుము కింద స్పర్శా కదలికా లేవు. మడిచే మామూలు వీల్‌చైర్, యూరిన్ బ్యాగు. వెంట పదేళ్ళ పాప, రెండు చెవులకూ మిషన్లు. జనవరిలో నాలుగు రోజులు వైజాగ్. బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి, సింహాచలం, బొర్రా, అరకు అన్నీ చూపించాలని ఉంది, కుదురుతుందా అని.

అన్నీ కుదరవు. సముద్రం మాత్రం ఆయనకు చాలా దగ్గరగా, హాయిగా చూపించవచ్చు. చూడాల్సిన చోట్ల పట్టిక పక్కన పెట్టి, మీ ఇంటి గుమ్మం నుంచి సముద్రం ఒడ్డు దాకా కుర్చీ ఎక్కడెక్కడ ఆగిపోతుందో ఆ వరుసలో ఆలోచించండి. ఇలాంటి ప్రయాణాలు పెద్ద చోట్ల చెడవు. రైలు తలుపు దగ్గర, హోటల్ బాత్‌రూం గడప దగ్గర, కారు డిక్కీ దగ్గర చెడతాయి.

హోటల్ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే మిగతా నాలుగు రోజులూ దాని మీదే ఆధారపడతాయి. ఫోన్ చేసి “వీల్‌చైర్‌కు వీలుగా ఉంటుందా?” అని అడగకండి. అందరూ ఉంటుందనే అంటారు, అబద్ధం చెప్పాలని కాదు, వాళ్ళకు తెలిసింది లాబీ వరకే. అడగాల్సింది ఇలా: రోడ్డు నుంచి లిఫ్ట్ దాకా మొత్తం ఎన్ని మెట్లు? లిఫ్ట్ తలుపు పూర్తిగా తెరిస్తే ఎన్ని అంగుళాలు? బాత్‌రూం తలుపు తెరిచినప్పుడు లోపలి ఖాళీ ఎన్ని అంగుళాలు? బాత్‌రూం గడప ఎంత ఎత్తు? కమోడ్ పక్కన గోడకు పట్టుకునే కడ్డీ ఉందా? టేపు పెట్టి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. పంపడానికి బద్ధకించే హోటల్‌ను అక్కడే వదిలేయండి, దిగాక కూడా వాళ్ళు అంతే.

ఈ కొలతలు ఎందుకంటే, 18 అంగుళాల సీటు ఉన్న మామూలు మడత కుర్చీ వెడల్పు, చక్రాల పక్కన తిప్పే రింగులతో కలిపి, 25–26 అంగుళాలు. మన హోటళ్ళ బాత్‌రూం తలుపులు చాలావరకు 24 నుంచి 28. అందులో తలుపు మందం, గొళ్ళెం పోను మిగిలేది ఇంకా తక్కువ. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం తలుపు ఖాళీ 900 మిల్లీమీటర్లు, అంటే 35 అంగుళాలు ఉండాలి. మీకు 28 దొరికినా సంతోషించండి. అంతకన్నా తక్కువైతే మూడు దారులు. ఒకటి, చిన్న చక్రాలుండే మడత కమోడ్ కుర్చీ వెంట తీసుకెళ్ళడం. ఇవి 21–22 అంగుళాల వెడల్పులో దొరుకుతాయి, స్నానానికీ అదే పనికొస్తుంది. నాలుగు రోజులకు మందుల షాపుల్లో, సర్జికల్ షాపుల్లో అద్దెకు కూడా ఇస్తారు. రెండోది, బాత్‌రూం తలుపును బందుల నుంచి ఊడదీసి కర్టెన్ కట్టమని అడగడం. దీంతో అంగుళంన్నర కలిసొస్తుంది, ముందే చెప్తే చాలా హోటళ్ళు ఒప్పుకుంటాయి. మూడోది, గదిలోనే మంచం పక్కన పని కానివ్వడం. చివరిది తప్పనిసరైతేనే. మనిషికి మర్యాద ముఖ్యం, అదీ మనవరాలు అదే గదిలో ఉన్నప్పుడు.

మంచం ఎత్తు కూడా అడగండి. కుర్చీ సీటు, కుషన్‌తో కలిపి, నేల నుంచి 20 అంగుళాలు ఉంటుంది. మంచం అంతే ఉంటే ఆయనే చేతుల బలంతో జరుగుతారు. 26 అంగుళాల మెత్తటి పరుపు అయితే ప్రతిసారీ ఇద్దరు ఎత్తాలి.

ర్యాంప్ ఉందని ఫోటో పంపితే దాని పొడవు చూడండి. అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు కావాలన్నది లెక్క. మూడు మెట్లంటే సుమారు 18 అంగుళాలు, దానికి 18 అడుగుల ర్యాంప్ ఉండాలి. ఆరడుగుల పలక వేసి ర్యాంప్ అంటే అది బైకులు ఎక్కించుకోవడానికి వేసింది. అలాంటి దాని మీద ఎక్కేటప్పుడు ఇద్దరు తోయాలి. దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందుగా దించాలి. ముఖం కిందికి పెట్టి దింపితే నడుము పట్టు లేని మనిషి ముందుకు జారిపోతారు.

వైజాగ్ మన ఊరిలా చదునైన ఊరు కాదు. కొండలకూ సముద్రానికీ మధ్య ఉన్న ఊరు, సిరిపురం వైపు నుంచి బీచ్ రోడ్డుకు దిగే వీధులు బాగా వాలుగా ఉంటాయి. మ్యాపులో “బీచ్‌కు 300 మీటర్లు” అని కనబడే హోటల్ నుంచి కుర్చీ తోసుకుంటూ దిగడం ప్రమాదం, తిరిగి ఎక్కడం నరకం. అద్దె కొంచెం ఎక్కువైనా బీచ్ రోడ్డుతో సమానమైన ఎత్తులో ఉన్న హోటలే తీసుకోండి. అప్పుడు పొద్దున్నే కారు పని లేకుండా కాలిబాట మీద సముద్రం పక్కన తిప్పవచ్చు. ఆర్.కె. బీచ్ దగ్గర తెల్లవారుజామున నడిచేవాళ్ళ కోసం రోడ్డు మీద వాహనాలు ఆపుతారు. వీల్‌చైర్‌కు అంత నునుపైన, వెడల్పైన దారి ఊళ్ళో ఇంకోటి లేదు. ఆ సమయంలో కారు దగ్గరదాకా రాదని మాత్రం గుర్తుంచుకోండి.

ఇక ప్రయాణం. బస్సు వద్దు. మెట్లు ఎత్తు, రాత్రంతా ఒకే భంగిమలో కూర్చోవాలి, స్పర్శ లేని మనిషికి తెల్లారేసరికి పిరుదుల మీద పుండు మొదలవుతుంది. అనంతపురం మీదుగా వెళ్ళే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ గుంతకల్లు, డోన్, నంద్యాల, విజయవాడ మీదుగా నేరుగా విశాఖ చేరుస్తుంది. కర్నూలు వాళ్ళు దీన్నే డోన్‌లోనో నంద్యాలలోనో ఎక్కవచ్చు, కడప వాళ్ళకు తిరుమల ఎక్స్‌ప్రెస్ ఉంది. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. సంక్రాంతికి అటూ ఇటూ బళ్ళూ బీచ్‌లూ కిటకిటలాడతాయి, జనవరి చివరి వారం పెట్టుకోండి, 26వ తేదీ చుట్టూ సెలవులు తప్పించి.

టికెట్ రాయితీకి యూడీఐడీ కార్డు (కేంద్ర ప్రభుత్వం దివ్యాంగులకిచ్చే గుర్తింపు కార్డు) చాలదు. రైల్వే వాళ్ళ దివ్యాంగుల కార్డు వేరు. రైల్వే వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసి, రైల్వే నమూనాలో ప్రభుత్వ డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ జతచేయాలి. పరిశీలనకు వారాలు పడుతుంది కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి. తోడు లేకుండా ప్రయాణం చేయలేని వాళ్ళకు స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ 75 శాతం, సెకండ్ ఏసీలో 50 శాతం తగ్గింపు. తోడు వెళ్ళే ఒకరికీ అంతే తగ్గుతుంది. ఆ కార్డుతో దివ్యాంగుల కోటాలో బుక్ చేస్తే కింది బెర్తు దొరికే అవకాశం ఎక్కువ. పాప విషయంలో, రైల్వే రాయితీ పూర్తిగా వినపడక, మాట కూడా రాని వాళ్ళకే. మిషన్‌తో విని మాట్లాడే పిల్లలకు వర్తించదు.

ఏ బోగీ అన్నది ఆలోచించాల్సిన విషయం. బండి చివర ఉండే దివ్యాంగుల బోగీకి వెడల్పు తలుపు, కడ్డీలున్న పెద్ద టాయిలెట్ ఉంటాయి, కుర్చీతో సహా లోపలికి వెళ్ళవచ్చు. కానీ ఏసీ ఉండదు, మామూలు జనం ఎక్కి కూర్చుంటారు, వాళ్ళను లేపడానికి రైల్వే పోలీసులను పిలవాల్సి వస్తుంది. థర్డ్ ఏసీలో తలుపూ నడవా ఇరుకు, కుర్చీ లోపలికి పోదు, టాయిలెట్‌కు తీసుకెళ్ళడం కుదరదు. మీ నాయనకు యూరిన్ బ్యాగు ఉంది, మలవిసర్జన రోజు విడిచి రోజు వేళకు చేయిస్తున్నామన్నారు కాబట్టి బయల్దేరే రోజు పొద్దున ఇంట్లో ఆ పని ముగించుకుని థర్డ్ ఏసీలో వెళ్ళడమే మేలు. ఆ వేళను ప్రయాణానికి సరిపోయేలా వారం ముందు నుంచే జరుపుకుంటూ రండి. ఒక్కరోజులో మార్చబోతే శరీరం వినదు.

ఎక్కించేటప్పుడు ప్లాట్‌ఫారం ఎత్తుగా ఉన్నా బోగీ నేల ఇంకా అడుగున్నర పైన ఉంటుంది. బండి ఆగేది కొద్ది నిమిషాలే. స్టేషన్ మాస్టర్‌కు ముందే చెప్పండి, 139కి కూడా ఫోన్ చేయండి, మీ బోగీ ఎక్కడ ఆగుతుందో అక్కడే నిలబడండి. ఇద్దరు బలమైనవాళ్ళు కావాలి. ఒకరు వెనక నుంచి చంకల కింద చేతులు దూర్చి, ఆయన చేతులు ఛాతీ మీద కట్టించి మణికట్ల దగ్గర పట్టుకోవాలి. ఇంకొకరు మోకాళ్ళ కింద, తొడల కింద చేతులు వేయాలి. వెనక ఉన్నవాళ్ళు ముందు బోగీ ఎక్కాలి. కుర్చీ చేతులూ పాదాల పలకలూ పట్టుకుని ఎత్తకండి, అవి ఊడి వచ్చేవి. మనిషితో సహా కుర్చీ పడిపోయేది అలాగే. లోపల నడవలో మోయడానికి మందపాటి దుప్పటి ఒకటి ఆయన కింద వేసి నాలుగు మూలలూ పట్టుకుంటే పని సులువు. బెర్తు మీద కుర్చీ కుషన్‌ను నడుము కింద వేసి, రెండు గంటలకోసారి పక్క మార్చండి. నిద్రపోతున్నారని వదిలేయవద్దు.

విమానం ఆలోచన ఉంటే బెంగళూరు నుంచి. సాయం కావాలని 48 గంటల ముందు చెప్పాలి, కుర్చీకి విడిగా డబ్బు తీసుకోకూడదు. కుర్చీని విమానం తలుపు దగ్గరే తిరిగి ఇవ్వమని చెక్-ఇన్‌లో ట్యాగ్ వేయించండి, లేదంటే సామాను బెల్టు మీద వస్తుంది. ఇది చదివే వాళ్ళలో ఎవరికైనా బ్యాటరీ కుర్చీ ఉంటే: విడిగా తీసే లిథియం బ్యాటరీ 300 వాట్-అవర్లు దాటకూడదు. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణించండి. 24 వోల్టులు, 10 ఆంపియర్-అవర్లయితే 240, సరిపోతుంది. అదే 20 అయితే 480, విడిగా ఒప్పుకోరు. వైజాగ్ వైపు టికెట్ మీద ఏ విమానాశ్రయం రాసి ఉందో కూడా చూసుకోండి. భోగాపురం అయితే ఊరికి సుమారు 45 కిలోమీటర్లు.

ఊళ్ళో తిరగడానికి నాలుగు రోజులకూ ఒకే కారు మాట్లాడుకోండి. మాట్లాడేటప్పుడే “డిక్కీలో గ్యాస్ సిలిండర్ ఉందా?” అని అడగండి. సీఎన్‌జీ కార్ల డిక్కీ సగం సిలిండరే తింటుంది, మడిచిన కుర్చీ పట్టదు. పెద్ద ఎత్తు కార్లలోకి ఎక్కించడం కష్టం, మామూలు సెడాన్ సీటు ఎత్తు కుర్చీకి దగ్గరగా ఉంటుంది. రెండున్నర అడుగుల నున్నటి పలక ఒకటి కుర్చీకీ సీటుకీ వంతెనలా వేస్తే ఆయన దాని మీద జరిగి కూర్చోగలరు.

సముద్రం దగ్గరికి వద్దాం. ఆర్.కె. బీచ్‌లో కాలిబాట మీద నుంచి చూడటం సులువు, కొన్నిచోట్ల బైకులు రాకుండా పాతిన స్తంభాల మధ్య కుర్చీ పట్టదు, ఇంకో దారి చూసుకోవాలి. ఇసుకలోకి, నీళ్ళ దాకా తీసుకెళ్ళాలంటే రుషికొండ మేలు. 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చిన బీచ్ అది. దివ్యాంగుల ప్రవేశానికి ఏర్పాట్లు ఉండటం ఆ గుర్తింపు నియమాల్లో ఒకటి. వెళ్ళే ముందురోజు ఫోన్ చేసి ర్యాంప్ తెరిచి ఉందా, ఇసుక కుర్చీ ఉంటే పనిచేసే స్థితిలో ఉందా, వీలైన టాయిలెట్ తాళం ఎవరి దగ్గర ఉంటుంది అని అడగండి. టాయిలెట్ కట్టి, తాళం వేసి, ఆ తాళం పట్టుకుని వాచ్‌మన్ భోజనానికి పోవడం మన దగ్గర మామూలే.

ఇసుక కుర్చీ లేకపోతే దారి ఉంది. మామూలు కుర్చీ సన్నటి టైర్లు పొడి ఇసుకలో దిగబడిపోతాయి, అంతకన్నా ముందు చిన్న చక్రాలు దిగబడతాయి. 8×4 అడుగుల 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు కొని, దుకాణంలోనే 32 అంగుళాలకు ఒక ముక్క చొప్పున మూడు కోయించండి. ఒక్కో ముక్క 48×32 అంగుళాలు, సుమారు ఏడు కిలోలు. రెండడుగుల వెడల్పు ముక్కలు వద్దు, చక్రం అంచు తప్పి జారుతుంది. ప్రతి ముక్కకూ ఒక చివర రెండు బెజ్జాలు వేయించి తాడు కట్టండి. రెండు పలకలు రెండంగుళాలు ఒకదానిమీద ఒకటి వచ్చేలా పరిచి కుర్చీ నడపాలి, వెనక మిగిలిన పలకను తాడుతో లాగి ముందు వేయాలి. తోసేవాళ్ళొకరు, పలకలు మార్చేవాళ్ళొకరు. యాభై అడుగుల ఇసుక పది నిమిషాల్లో దాటవచ్చు. పలకలు లేకపోతే కుర్చీని వెనక్కి తిప్పి, చిన్న చక్రాలు గాల్లోకి లేచేలా వంచి, వెనక్కి లాగండి. ముందుకు తోయకండి. అలల దగ్గర తడిసి గట్టిపడ్డ ఇసుక మీద కుర్చీ బాగానే నడుస్తుంది, కానీ వైజాగ్ ఒడ్డు చాలాచోట్ల ఏటవాలు, లాగే ప్రవాహం బలంగా ఉంటుంది. ఈత బాగా వచ్చినవాళ్ళే ఇక్కడ కొట్టుకుపోతుంటారు. కుర్చీకి బ్రేకులు వేసినా ఒక్క అల చక్రాల కింద ఇసుక లాగేస్తే పక్కకు ఒరుగుతుంది. చీలమండ లోతు చాలు, ఇద్దరూ కుర్చీ మీద నుంచి చేతులు తీయకూడదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంది, ఆ పొద్దున అది చూసే బయల్దేరండి.

నాయన పాదాలకు బూట్లు ఉండాలి. కాలిన ఇసుకా, విరిగిన గవ్వలూ, సీసా పెంకులూ ఆయనకు తెలియవు. తడిసిన పంచె, ప్యాంటు వెంటనే మార్చండి, తడీ ఇసుకా కలిస్తే చర్మం రాపిడికి లేచిపోతుంది. ప్రతి అరగంటకూ చేతుల మీద ఒక నిమిషమైనా పైకి లేవమనండి. ఇప్పటికే పుండు ఉంటే నీళ్ళలోకి అసలు వద్దు. అనంతపురం ఎండ పొడి, చెమట వెంటనే ఆరి ఒళ్ళు చల్లబడుతుంది. వైజాగ్‌లో గాలి తేమతో బరువుగా ఉండి చెమట ఆరదు. వెన్నెముక దెబ్బ ఛాతీ పైభాగంలో ఉన్నవాళ్ళకైతే దెబ్బకు కింది భాగంలో చెమటే సరిగా పట్టదు, జనవరిలోనైనా మధ్యాహ్నం బయట ఉంచవద్దు. నీళ్ళు తగ్గించి బ్యాగు నింపకుండా చూద్దామనుకునే అలవాటు చాలామందికి ఉంది. దాంతో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. నీళ్ళు తాగనివ్వండి, బ్యాగు సగం దాటగానే ఖాళీ చేయండి.

పాప గురించి. నీళ్ళ దగ్గరికి వెళ్ళే ముందు మిషన్లు తీసి డబ్బాలో పెట్టాలి, ఉప్పు తుంపర్లకే పాడవుతాయి. రాత్రి తేమ పీల్చే సిలికా జెల్ డబ్బాలో ఉంచండి. మిషన్ తీశాక లైఫ్‌గార్డు ఈల ఆమెకు వినబడదన్నది మరచిపోకండి. ఎర్ర జెండా అంటే నీళ్ళలోకి వద్దు, ఎరుపు-పసుపు జెండాల మధ్య అయితే కాపలా ఉంది అని ముందే నేర్పండి. ఒడ్డున నిలబడి చేయెత్తితే వెంటనే రావాలన్న సైగ ఇంటి దగ్గరే ఆటలా అలవాటు చేయండి. మెరిసే రంగు చొక్కా వేయండి. ఇవన్నీ ఉన్నా ఒక పెద్దవాళ్ళ కళ్ళు ఆమె మీదే ఉండాలి, నాయన కుర్చీ పట్టుకున్నవాళ్ళు కాకుండా వేరే మనిషి. అందుకే ఈ ప్రయాణానికి పెద్దవాళ్ళు కనీసం ముగ్గురు కావాలి.

మిగతా చోట్ల గురించి త్వరగా. కురుసుర సబ్‌మెరైన్ 91 మీటర్ల పొడవు, 2001లో నౌకాదళం సేవల నుంచి తప్పుకుని మరుసటి ఏడు మ్యూజియం అయింది. లోపలికి మెట్లెక్కాలి, గదుల మధ్య గుండ్రటి ఇరుకు ద్వారాల్లోంచి వంగి దూరాలి. నాయనకు కుదరదు. బీచ్ రోడ్డు మీద నుంచే మొత్తం ఆకారం బాగా కనబడుతుంది, పాపను ఒకరు లోపలికి తీసుకెళ్ళి ఫోన్‌లో వీడియో తీసుకురండి. ఎదురుగా మ్యూజియంగా ఉంచిన నౌకాదళం పాత విమానం టీయూ-142 సంగతీ అంతే, బయటి నుంచే దాని పరిమాణం తెలుస్తుంది. సోమవారం పెట్టుకోకండి. కైలాసగిరికి రోప్‌వే కాకుండా కారులో పైదాకా వెళ్ళండి. ఇసుక తొక్కే పని లేకుండా తీరమంతా ఒక్కచూపులో కనబడేది అక్కడి నుంచే, సాయంత్రం నాలుగు తర్వాత మంచిది. అక్కడా వాలు దారులున్నాయి, బ్రేకులు ముందే బిగించి ఉంచండి. బీచ్ రోడ్డులో అన్ని రకాల పిల్లలూ ఆడుకునేలా కట్టిన ఆల్ ఎబిలిటీస్ పార్క్ ఉంది, పాపకు ఒక గంట అక్కడ. సింహాచలం కొండ మీదికి కారు వెళ్తుంది. పైన మెట్లు తప్పించే దారి ఉందా అని దేవస్థానం కౌంటర్‌లో అడిగాకే క్యూ వైపు కదలండి, శని ఆదివారాలు వద్దు. బొర్రా గుహలు వదిలేయండి, లోపలికి మెట్లు దిగాలి. బేలం గుహల్లో దిగే మెట్లు చూసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. బొర్రా లేకుండా అరకు ఒక్కటీ అంటే ఘాట్ రోడ్డు మీద రోజంతా కూర్చోవడమే, దారిలో ఆయనకు పనికొచ్చే టాయిలెట్ దొరకదు. నాలుగు రోజుల్లో దానికి ఒక రోజు ఇవ్వడం నాకు న్యాయంగా అనిపించదు. పూటకు ఒక్క చోటు, హోటల్‌కు మూడు గంటల్లో తిరిగి రాగలిగే దూరం, అంతే.

ఎక్కడైనా ర్యాంప్ లేదని ఎవరైనా మిమ్మల్ని ఇబ్బందిగా చూస్తే తల దించుకోకండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రజలు వాడే భవనాలన్నీ అందుబాటులోకి తేవాల్సిన అయిదేళ్ళ గడువు 2022 జూన్‌లోనే ముగిసింది. మీరు అడిగేది ఉపకారం కాదు. అడిగిన ప్రతిసారీ తర్వాత వచ్చే కుటుంబానికి కొంత దారి పడుతుంది.

బీచ్ నుంచి వచ్చిన రాత్రే కుర్చీని మంచినీళ్ళతో కడగాలి, ఇంటికెళ్ళాక చూద్దామంటే ఉప్పుకు బేరింగులు పట్టేస్తాయి. రెండు బకెట్ల నీళ్ళు, మగ్గుతో పోయండి, పైపుతో బలంగా కొడితే ఇసుక బేరింగుల్లోకి దూరుతుంది. చిన్న చక్రాల ఇరుసుల్లో చుట్టుకున్న వెంట్రుకలూ ఇసుకా టూత్‌బ్రష్‌తో తీసి, గుడ్డతో తుడిచి, ఆరాక రెండు చుక్కల నూనె వేయండి. కుషన్ కవరు విప్పి దులపండి. టైర్ల గాలి చూడండి, గాలి తగ్గితే బ్రేకు పట్టదు.

తిరుగు ప్రయాణంలో ఒక సౌకర్యం, ఒక చిక్కు. విశాఖలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కు ఇంజిన్ మరో చివరకు మారుతుంది కాబట్టి ఎక్కువసేపు ఆగుతుంది, తొందర లేకుండా ఎక్కించవచ్చు. కానీ ఇంజిన్ మారడంతో వెనక ఉన్న బోగీ ముందుకొస్తుంది, అనంతపురంలో మీ బోగీ ఏ చివర ఆగుతుందో విశాఖలో బయల్దేరాక టీటీఈని అడిగి తెలుసుకోండి. గుంతకల్లు దాటగానే బ్యాగు ఖాళీ చేసి, నాయనను దుప్పటి మీదికి మార్చి తలుపు దగ్గరి బెర్తు దాకా తెచ్చుకోండి. కుర్చీ విప్పి పట్టుకుని, ఇద్దరు బంధువులు ప్లాట్‌ఫారం మీద సరిగ్గా ఆ బోగీ ఆగే చోటే ఉండేలా ఫోన్ చేసి చెప్పండి.